పరీక్ష లేని రంగు

నేను కొండపల్లి బొమ్మలకు రంగులు వేస్తాను. పుట్టిల్లు కొండపల్లి, మెట్టినిల్లు తిరువూరు. జగదల్‌పూర్ నుంచి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి మా తిరువూరు, మైలవరం దాటి కొండపల్లి మీదుగానే పోతుంది. చెక్కడం అక్కడ మా తమ్ముడి పని. తెల్లటి బొమ్మలు గోనెసంచిలో, గడ్డి మధ్య సర్దుకుని బస్సెక్కి వస్తాయి. నా దగ్గర రంగు పడి మళ్ళీ అదే బస్సులో పోతాయి. మా కులవృత్తిలో మొదట్నుంచీ ఉన్న ఏర్పాటే ఇది. ఉలి మగవాళ్ళది, కుంచె ఆడవాళ్ళది. ఎక్కువ ఇళ్ళలో రెండూ ఒకే పంచన జరుగుతాయి, నాకు పెళ్ళి వల్ల మధ్యలో మైలవరం వచ్చిపడింది, అంతే.

కళ విలువ గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది రంగు కాదు, రంగు కింద ఉన్నది. ఏనుగు అంబారీ తీసుకోండి. అది ఒక్క ముక్కలో చెక్కిన బొమ్మ కాదు. ఒళ్ళు వేరు, తొండం వేరు, కాళ్ళు వేరు, పైన కూర్చున్న రాజు వేరు. తెల్లపొణికి చెక్క చాలా తేలిక, మెత్తన, ఉలికి ఇట్టే లొంగుతుంది. కానీ నీరు పట్టి ఉంటుంది కాబట్టి సన్నని సెగ మీద ఓపిగ్గా ఆరబెట్టాలి. ముక్కల్ని చింతపిక్కల గుజ్జు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, గుంటలూ గీతలూ దాంతోనే పూడ్చి, పైన సుద్ద పూసి ఆరనిస్తే అప్పుడు నా చేతికొస్తుంది. సుద్ద పడ్డాక చెక్క బాగా ఆరిందో లేదో దేవుడికి కూడా తెలియదు. ఆరని బొమ్మ, ఆరిన బొమ్మ అంగడిలో పక్కపక్కన పెడితే అచ్చం ఒకటే. ఎండాకాలం వచ్చాక అతుకు దగ్గర నెర్రె విచ్చేది మాత్రం ఒకటే. అప్పటికి కొన్నవాళ్ళు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, మన గుమ్మం ఎక్కి అడగరు. నా దృష్టిలో ఈ పనిలో నీతి అనేదేదైనా ఉంటే అది ఈ సుద్ద కిందే ఉంది.

రంగు విషయానికి వస్తే ఇంకాస్త కఠినంగా మాట్లాడతాను. మా అమ్మమ్మల కాలంలో ఆకులు, బెరళ్ళ రంగులు. తర్వాత డబ్బా ఎనామెల్ వచ్చింది, మెరుపు వచ్చింది, గిరాకీ కూడా వచ్చింది. ఇళ్ళకు వాడే పెయింటులో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు దాటకూడదని కేంద్రం 2016లో నిబంధన పెట్టి మరుసటి ఏడాది అమల్లోకి తెచ్చింది. గోడకే అంత జాగ్రత్త ఉంటే, చంటిపిల్ల నోట్లో పెట్టుకునే చిలకకి ఎంత ఉండాలి? ఇక్కడే ఒక మెలిక ఉంది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు నాణ్యత గుర్తు తప్పనిసరి చేశారు. ఫ్యాక్టరీ బొమ్మ పరీక్షలన్నీ దాటాలి. హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన మా లాంటివాళ్ళకు, భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. మంచిపనే, ఒక్కో బొమ్మకీ ల్యాబు రుసుము కట్టాలంటే మేం దుకాణం మూసుకోవలసిందే. అయితే ఆ మినహాయింపు కాగితం చూసి సంబరపడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పరీక్ష పెట్టరు కాబట్టి ఏ డబ్బా అయినా తెరవొచ్చనా దానర్థం? నేను పిల్లల చేతికెళ్ళే బొమ్మలకు సీసం లేదని డబ్బా మీద రాసి ఉన్న రంగే వాడతాను, అరల్లో పెట్టుకునే దశావతారాలకి కూడా అదే. ఏ బొమ్మ ఎవరి చేతికి పోతుందో నాకేం తెలుసు? సంక్రాంతి కొలువులో పైమెట్టు మీద ఉన్న వామనుణ్ణి మనవడు లాక్కుని చప్పరించడం ప్రతి ఇంట్లో జరిగేదే.

ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్ళని చూసి నేను కాస్త అసూయపడతాను. వాళ్ళది అంకుడు కర్ర, యంత్రం మీద తిప్పుతూ లక్క పట్టిస్తారు. సహజ రంగుల్ని మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. లక్క తిరిగే కర్ర మీద వేడికి కరిగి అంటుకుంటుంది కాబట్టి సహజ రంగు అక్కడ కుదిరింది. మా బొమ్మ చేత్తో చెక్కేది, మూలలూ మడతలూ ఎక్కువ, కుంచెతో తప్ప రంగు పోదు. వాళ్ళ దారి మాకు ఉన్నదున్నట్టు పనికిరాదు. ఇది సాకు అనేవాళ్ళు ఒకసారి వచ్చి గోపిక చీర అంచు వేసి చూడొచ్చు.

బొమ్మలో మనిషిని ఎలా చూపిస్తున్నామన్నది నాకు రంగంత ముఖ్యం. మాకు దేవుళ్ళతో పాటు ఎడ్లబండి తోలేవాడు, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు కూడా ఉన్నారు. మా వీధిలో తాళ్ళెక్కే పెద్దాయన ఒకసారి ఎక్కడో కొన్న బొమ్మ తెచ్చి చూపించాడు. "ఏమ్మా, నడుముకి మోకు లేకుండా ఎక్కితే మనిషి మిగులుతాడా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నవ్వు కాదది. కొనేవాళ్ళకు మోకు ఉన్నా లేకపోయినా ఒకటే. ఆయనకి ఒకటి కాదు. బొట్టంత రంగు తగ్గినా ఫరవాలేదు, మోకు, లొట్టి, కత్తి ఉండాల్సిన చోట ఉండాలి. పొట్టలు పెంచి, పళ్ళు బయటపెట్టి నవ్వులాటకు చేయమని అడిగేవాళ్ళూ ఉన్నారు. నేను వెయ్యను, వేరేవాళ్ళు వేస్తారు, నాకు ఆ ఆర్డరు పోతుంది.

ధర దగ్గర నాకు సిద్ధాంతాలు లేవు, లెక్క ఉంది. రంగు వేసిన రోజున నేను మిరపకోతకు వెళ్ళి ఉంటే ఎంత వచ్చేదో చూసుకుంటాను. అంతకు తగ్గితే అమ్మను. కళను బతికించండమ్మా అంటూనే సగానికి బేరమాడేవాళ్ళకి ఈ లెక్కే చెబుతాను. మా ఇళ్ళల్లో ఒక తప్పు తరాల నుంచి నడుస్తోంది. బొమ్మ ధర కట్టేటప్పుడు చెక్క ఖర్చు, చెక్కిన కూలీ వేస్తారు, రంగు డబ్బా ఖరీదు కూడా వేస్తారు. రంగు వేసిన ఆడమనిషి కూలీ ఎక్కడా ఉండదు, ఇంటిపనిలో కలిసిపోతుంది. తిరువూరు రావడం వల్ల నాకు జరిగిన మేలు ఇదే. తమ్ముడికి, నాకు మధ్య చీటీ లెక్క మొదలైంది, రంగు కూలీ విడిగా పడింది. అది చూసి పుట్టింట్లో మా మరదలు కూడా అడగడం మొదలుపెట్టింది. తమ్ముడు నన్ను తిట్టాడు, కానీ ఇస్తున్నాడు.

ఇప్పుడు మా ఇద్దరికీ తగువు పేరు దగ్గర. భౌగోళిక గుర్తింపు పేరును మనిషికి కాదు, ఊరికి కడుతుంది. కొండపల్లి అని రాసి ఉన్న ప్రతి డబ్బాలోనూ ఆ చెక్క, ఆ చెయ్యి ఉండాలి. వేరే కర్రకు ఆ పేరు తగిలించి అమ్మేవాళ్ళని తిట్టే నోటితో, తిరువూరులో నేను రంగు వేసిన సంగతి దాచమంటే ఎలా? అందుకే నేను పంపే బొమ్మ అడుగున చిన్న చీటీ అంటిస్తాను, కొండపల్లిలో చెక్కింది, తిరువూరులో రంగు వేసింది అని. తమ్ముడికి అది సుతరామూ నచ్చదు.

"అక్కా, ఉన్న పేరు చాలక లేనిపోని అనుమానం ఎందుకు పెడతావు? కొనేవాడికి తిరువూరు ఎక్కడుందో కూడా తెలియదు."

"తెలియకపోతే అడుగుతాడు. మైలవరం తర్వాత అని చెప్పు."

పోయిన సంచిలో వాడు చీటీలు పీకేసి దుకాణానికి వేశాడు. ఈసారి చీటీ అంటించడం మానేశాను. ఏనుగు పొట్ట కింద కుంచెతోనే రాసి, పైన వార్నిష్ పూశాను.