పింగ్ పలికినా ఫైలు కదలని ల్యాబ్

హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ తన ఇంటి చిన్నగదిలో ఏర్పాటు చేసుకున్న వర్చువలైజేషన్ ల్యాబ్‌లో రెండు లైనక్స్ హోస్టులు, ఒక స్టోరేజ్ సర్వర్, వాటిని కలిపే ఒక స్విచ్ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ కల్పించిన కంప్యూటర్లను, అంటే వర్చువల్ మెషీన్లను, నడిపే యంత్రమే హోస్టు. వాటి డిస్కులను వేరొక సర్వర్‌లో ఉంచితే, నడుస్తున్న మెషీన్‌ను ఆపకుండానే ఒక హోస్టు నుంచి మరొకదానికి సులువుగా తరలించవచ్చు గనుక డేటా సెంటర్ పనిని ఇంట్లోనే నేర్చుకోదలచినవారు ఈ అమరికను కోరుకుంటారు. ఇక్కడ సర్వర్‌లోని ఆ డిస్కులను హోస్టులకు అందించేది 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ రూపొందించిన ఎన్ఎఫ్ఎస్. దూరాన ఉన్న ఫోల్డరును అది సొంత డిస్కులోని ఫోల్డరులాగే చూపుతుంది.

ఆ ల్యాబ్‌ను సందర్శించిన నాటికి సర్వర్‌లోని ఫోల్డరు హోస్టుకు మౌంట్ అవుతున్నది, అంటే జతపడుతున్నది. ఫైళ్ల పేర్లు కనిపిస్తున్నాయి. అందుబాటులో ఉన్నదో లేదో చూసే పింగ్‌కు సర్వర్ వెంటనే బదులిస్తున్నది. అయినా ఇన్‌స్టాలేషన్ ఇమేజ్ వంటి పెద్ద ఫైలును చదవబోతే పని అక్కడికక్కడే నిలిచిపోతున్నది. ఎన్ఎఫ్ఎస్ సాధారణంగా 'హార్డ్' మౌంట్ పద్ధతిలో నడుస్తుంది కాబట్టి సర్వర్ పలకకపోయినా పని విఫలమైందని చెప్పక, బదులు వచ్చేవరకు అడుగుతూనే ఉంటుంది. డేటాను కాపాడే ఈ ఓపికే లోపాన్ని కప్పిపెడుతుంది.

కేబుళ్లు పీకి పెట్టటానికి, యంత్రాలను రీస్టార్ట్ చేయటానికి తొందరపడక, అడ్మినిస్ట్రేటర్ ఒక్కొక్క పొరనూ విడివిడిగా పరీక్షించిన తీరు మెచ్చదగినది. ఎన్ఎఫ్ఎస్ వాడే 2049 పోర్టు తెరిచే ఉన్నదని తేలాక దృష్టి ప్యాకెట్ పరిమాణం మీదికి మళ్లింది. ఒక ప్యాకెట్ మోయగల గరిష్ఠ పరిమాణాన్ని ఎంటీయూ అంటారు; మామూలుగా అది 1500 బైట్లు కాగా, వేగం కోసం హోస్టులలోను సర్వర్‌లోను దానిని 9000కు పెంచి ఉంచారు. లైనక్స్‌లో మామూలు పింగ్ మోసుకుపోయేది 56 బైట్ల డేటా మాత్రమే గనుక అది పలికినంత మాత్రాన పెద్ద ప్యాకెట్లకు దారి ఉన్నట్లు కాదు. ముక్కలు చేయరాదన్న షరతుతో 1472 బైట్లు పంపితే బదులు వచ్చింది, 8972 పంపితే ఒక్కటీ రాలేదు. ఈ రెండు అంకెలకు ఐపీ శీర్షిక 20 బైట్లు, పింగ్ వాడే ఐసీఎంపీ శీర్షిక 8 బైట్లు కలిపితే సరిగ్గా 1500, 9000 అవుతాయి. నడుమనున్న స్విచ్‌లో జంబో ఫ్రేముల, అంటే పెద్ద ప్యాకెట్లను మోసే ఫ్రేముల, అనుమతి ఆన్ కాలేదు. ప్యాకెట్ పెద్దదైందని పంపినవారికి తెలియజేయటం రౌటర్ చేసే పని. ఫ్రేములను చేరవేయటమే పనిగా గల స్విచ్ మాత్రం పెద్దదానిని చప్పుడు లేకుండా పారవేస్తుంది. చిన్న ప్యాకెట్లతో ముగిసే మౌంట్ నెగ్గి, పెద్ద ప్యాకెట్లు కావలసిన ఫైలు ఆగిపోవటానికి కారణం ఇదే.

స్విచ్‌లో జంబో ఫ్రేములను అనుమతించగానే చదవటం సాగింది గాని, కొత్త డిస్కును సృష్టించబోతే అనుమతి లేదన్న సందేశం వచ్చింది. ఇది వేరే లోపం: హోస్టు సర్వాధికారాలు గల రూట్ హోదాలో వ్రాయబోగా, రూట్ స్క్వాష్ అనే రక్షణ ఆ రూట్‌ను ఏ అధికారమూ లేని వాడుకరిగా మార్చివేస్తుంది. దానిని సడలించక తప్పలేదు. అయితే ఆ సడలింపు ఇంటి నెట్‌వర్క్ మొత్తానికి వర్తిస్తే ఏ లాప్‌టాప్ నుంచైనా డిస్కులన్నిటినీ తుడిచివేయవచ్చు గనుక, అడ్మినిస్ట్రేటర్ దానిని రెండు హోస్టుల ఐపీ చిరునామాలకే పరిమితం చేశారు.