ఏడుపాయలలో పావుగంట

మెదక్ నుంచి నర్సాపూర్ మీదుగా హైదరాబాద్‌కు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. మా రోగి ఒకామె రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో ఎక్కించుకుని బస్సులో తిరిగొచ్చేది. రెండు మూడు రోజులకు వాంతులతో సోలిపోయి మా క్లినిక్‌లో సెలైన్ కింద పడుకునేది. రొమ్ము క్యాన్సర్. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు మంచం మీద కూడా ఊరుకోక దుప్పటి అంచును చుడుతుండేవి. మాటిమాటికీ ఒకటే ప్రశ్న: "ఇంకెంతసేపు సారూ?"

ఆ ప్రశ్నకే, పెట్టుకుంటే చుట్టూ వేరే లోకం కనిపించే వర్చువల్ రియాలిటీ అద్దాలు గుర్తొచ్చాయి. సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ పాటర్సన్ అనే పరిశోధకులు కాలిన రోగులకు కట్లు మార్చేటప్పుడు ఈ కళ్లద్దాలు పెట్టి మంచు ముద్దలు విసిరే ఆట ఆడిస్తే నొప్పి తగ్గిందన్నారు. నొప్పికీ మన ధ్యాస కావాలి. అది వేరేచోట చిక్కుకుంటే నొప్పికి మిగిలేది తక్కువ. కీమో రోగుల సంగతి మాత్రం కొంచెం వేరు. సూసన్ ష్నైడర్ 123 మందితో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అద్దాలు పెట్టుకున్నప్పుడు కాలం త్వరగా గడిచినట్టు అనిపించింది గానీ బాధల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ తగ్గిన కాలమే నాకు చాలనిపించింది.

మా మేనల్లుడు ఫోన్ దూర్చి పెట్టుకునే డబ్బా తెచ్చాడు. మొదటిసారి నేనే చెడగొట్టాను. మంచుకొండల మీద ఎగిరే వీడియో పెట్టేశాను. కళ్లు ఎగురుతున్నామంటాయి, లోపలి చెవి పడుకునే ఉన్నామంటుంది; ఆ పేచీకి మామూలు మనిషికే కడుపులో తిప్పుతుంది. రెండు నిమిషాల్లో ఆమె బేసిన్ అందుకుంది. "ఏంది సారూ, ఉన్న వాంతులు సాలవా?" అంది మూతి తుడుచుకుంటూ.

తర్వాత మేనల్లుణ్ని ఏడుపాయలకు పంపాను. మంజీర పాయలుగా చీలి పారేచోట, వనదుర్గమ్మ గుడి దగ్గర బండమీద కెమెరా నిలబెట్టి, కదపకుండా తీయమన్నాను. నీళ్ల చప్పుడు వినగానే ఆమె సూదున్న చేయి ఎత్తి దండం పెట్టబోయింది. నర్సు పట్టుకుని ఆపింది. పావుగంటకు అద్దాలు తీస్తే, "ఇప్పుడే గదా పెట్టిన్రు" అంది. దుప్పటి అంచు ముడత పడకుండా ఉంది.

ఈ సంగతి ఊళ్లో పాకింది. నోటి క్యాన్సర్‌తో ఉన్న ఒక పెద్దాయన కొడుకు వచ్చి, "మార్ఫిన్ ఇస్తే అలవాటు పడతడంట, బాపుకు గా అద్దాలే పెట్టుండ్రి" అన్నాడు. ఒప్పుకోలేదు. నొప్పితో అరిచే రోగులకు మార్ఫిన్ అందాలనే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. డాక్టరు లెక్క ప్రకారం ఇచ్చే మార్ఫిన్‌కు భయపడి తండ్రిని ఏడిపించడం కన్నా అన్యాయం నాకు కనబడదు. ముందు గోలీలు. అద్దాలు ఆ తర్వాత, అదీ మూర్ఛలు లేనివాళ్లకు.

చివరి కీమో తర్వాత ఆమె ఏడుపాయల వద్దంది. "దుబాయ్‌ల నా కొడుకు ఉండే రూము సూపియ్యి సారూ. ఏడేండ్లాయె వాడు పోయి." ఫోన్ చేశాం. ఒకే గదిలో ఆరుగురు, మంచం మీద మంచం. అమ్మకెట్ల చూపించాలని అతని బెంగ. వారానికి వీడియో పంపాడు. గది ఊడ్చి ఉంది. మిగతా ఐదుగురి బట్టలు ఎక్కడా కనబడలేదు.

ఆమె దాన్ని రెండుసార్లు చూసింది.