జిరోకాస్టర్ వెళితే ఇంట్లోనే దిగండి

దక్షిణ అల్బేనియాలో ద్రినో లోయకు ఎగువన, కొండవాలు మీద నిలిచిన రాతి ఊరు జిరోకాస్టర్. 2011 జనాభా లెక్కల్లో ఇరవై వేలకు అటూ ఇటూగా ఉన్న చిన్న పట్టణం. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. చాలామంది యాత్రికులు పొద్దున బస్సు దిగి, కోట ఎక్కి, బజారులో కాసేపు తిరిగి, సాయంత్రానికల్లా సరాందా సముద్రతీరానికి వెళ్లిపోతారు. అలా వెళ్లినవాళ్లు కోటను చూశారు గానీ ఊరిని చూడలేదని నా అభిప్రాయం. ఈ ఊరి ఘనత దాని ఇళ్లది. యునెస్కో గుర్తింపుకు ముఖ్య కారణం కూడా అవే. వీధిలో నిలబడి చూస్తే ఎత్తయిన గోడ, మీద బూడిదరంగు పలకరాళ్ల కప్పు, అంతే. ఆ గోడ అంత మందంగా ఎందుకుందో, మేడ మీద అన్ని కిటికీలు ఎందుకో తెలియాలంటే ఇంటివాళ్ల దగ్గర ఒక రాత్రయినా ఉండాలి.

ఒట్టోమన్ పాలనాకాలంలో భూస్వాములూ, ఉద్యోగులూ తమ రక్షణ కోసం వీటిని బురుజుల ఇళ్లుగా కట్టించుకున్నారు. కింది అంతస్తులో సామాను కొట్లు, వాననీటి తొట్టి. కప్పు మీద పడ్డ వాన ఆ తొట్టిలోకి చేరుతుంది. ఇక్కడే 1936లో పుట్టిన రచయిత ఇస్మాయిల్ కదారే తన నగరం గురించి రాసిన నవలలో ఆ తొట్టి దాదాపు ఒక పాత్రే. ఇక మేడ మీదికి వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. 1811-12లో కట్టిన జెకాటే ఇంట్లో అతిథుల గదే అన్నిటికన్నా గొప్పగా ఉంటుంది: చెక్కడపు పనితనం నిండిన కలప కప్పు, రంగులద్దిన నిప్పుగూడు, గోడల వెంట కూర్చోవడానికి అరుగులు. ఖర్చంతా తమ పడకగది మీద కాక, రాబోయే మనిషి కూర్చునే చోట పెట్టారు. ఇంటికి పరువు తెచ్చేది అతిథేనన్న నమ్మకం లేనిదే ఎవరూ అలా కట్టరు.

గది చూడటానికి మ్యూజియం టికెట్ చాలుగా అనొచ్చు. గది వరకైతే చాలు. కానీ ఆ గదిలో జరగాల్సిన పని టికెట్‌తో కనిపించదు. చెప్పులు గుమ్మం దగ్గరే విడవాలి. కూర్చోగానే చిన్న పళ్లెంలో పాకంలో ఊరిన పండు, కాఫీ, ఒప్పుకుంటే రాకీ అనే సారా వస్తాయి. భోజనంలో కిఫ్కి ఉంటే అదృష్టమే. ఉడికిన అన్నంలో గుడ్డు, పుదీనా, మిరియాల పొడి కలిపి, అచ్చం మన గుంతపొంగనాల పెనంలాంటి దానిలో ఒక్కొక్కటీ తిప్పుతూ కాలుస్తారు. అది ప్రత్యేకంగా ఈ ఊరి వంట. మాంసం తిననివాళ్లకూ పనికొస్తుంది, గుడ్డు తింటే చాలు.

డబ్బు తీసుకుని పెట్టేది ఆతిథ్యం ఎలా అవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. అల్బేనియా అనగానే అతిథిని అందరికంటే ఎత్తున కూర్చోబెట్టిన కానూన్ గురించి గైడ్లు చెబుతారు. అది ప్రధానంగా ఉత్తరాది కొండల ఆచారసంహిత, దక్షిణాన ఉన్న ఈ పట్టణానికి యథాతథంగా అంటగట్టకూడదు. అయినా ఆశ్రయం కోరినవాణ్ణి వదలకూడదన్న పట్టుదల దేశమంతటా ఉన్నదే. రెండో ప్రపంచయుద్ధంలో నాజీల నుంచి యూదులను ఎన్నో కుటుంబాలు దాచి కాపాడాయి; యుద్ధం ముగిసేనాటికి దేశంలో యూదుల సంఖ్య ముందుకంటే పెరిగింది. నేటి గది అద్దెను ఆ త్యాగంతో పోల్చడం తప్పు. కానీ అద్దె తీసుకున్నంత మాత్రాన పలకరింపు నకిలీ అయిపోదు. పైగా డబ్బిచ్చిన అతిథి మొహమాటం లేకుండా వేడినీళ్లు అడగగలడు, ఇంటావిడకు అప్పు పడ్డానన్న బరువు లేకుండా వెళ్లగలడు. ఇద్దరికీ గౌరవమే.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఇళ్లన్నీ యాత్రికుల గదులుగా మారితే ఊరివాళ్లే మిగలరు. క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ పాతపట్టణంలో జరిగింది అదే. దీన్ని నేను తోసిపుచ్చను. అయితే జిరోకాస్టర్‌ను ఖాళీ చేసింది యాత్రికులు కారు. 1991లో కమ్యూనిస్టు పాలన ముగియగానే జనం పనికోసం గ్రీసు దారి పట్టారు. సరిహద్దు దగ్గరే. 1997లో గొలుసుకట్టు పొదుపు సంస్థలు కూలి, కుటుంబాలు దాచుకున్న సొమ్ము పోయింది. తాళం పడ్డ ఇంటికి మొదట దెబ్బ తగిలేది కప్పుకే: బరువైన పలకరాయి ఒకటి జారితే వాన లోపలికి దిగి దూలాలు కుళ్లుతాయి. ఏటా ఎవరో పైకెక్కి సర్దాలి, ఆ కూలి ఎక్కడి నుంచో రావాలి. 1961లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఈ ఊరిని మ్యూజియం నగరంగా ప్రకటించి ఇళ్లను కాపాడింది నిజమే. కానీ ఆ ప్రభుత్వమే విదేశీ యాత్రికులను తన హోటళ్లకు పరిమితం చేసి ఆ అతిథి గదులకు దూరంగా ఉంచింది. ఇవాళ ఇంటివాళ్లు అక్కడే కాపురముంటూ రెండు గదులు అద్దెకిస్తే కప్పూ నిలుస్తుంది, కుటుంబమూ నిలుస్తుంది. యజమాని మరో నగరంలో ఉండి, తాళంచెవి గుమ్మం పక్కన పెట్టెలో వదిలేసే చోట ఈ వాదనలో ఒక్క ముక్కా వర్తించదు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నున్నటి రాళ్ల ఎత్తుదారుల సంగతి ముందే అడిగి, బజారుకు దగ్గరి ఇల్లు చూసుకోవాలి. గది ఖాయం చేసుకునే ముందు మాత్రం ఎవరైనా సరే ఒక్కమాట అడగండి: ఆ ఇంట్లో ఇంటివాళ్లు ఉంటున్నారా? ఉంటేనే డబ్బు కట్టండి.