రంది, సోపతి

ఉత్తర తెలంగాణలో దూరమైన మనిషి కోసం పడే బాధను రంది అంటారు. హాస్టల్లో వేసిన పిల్లవాడు అన్నం ముట్టకపోతే ‘అవ్వ (తల్లి) మీద రంది పెట్టుకున్నడు’ అంటారు. కొడుకు గల్ఫ్‌కు పోయాక తల్లి చిక్కిపోతే ఆమెదీ రందే. ఈ అర్థంలో ఒక విశేషం ఉంది: ఇలాంటి రంది ఎప్పుడూ ఎవరో ఒకరి మీదే ఉంటుంది. ఒంటరితనానికి అలాంటి ఆనవాలు లేదు. అది నలుగురి నడుమ కూర్చున్నా ఉంటుంది. ఎవరి కోసమని అడిగితే జవాబు దొరకదు. రంది పడే పిల్లవాడికి ఇంకా ఒక మనిషి ఉన్నట్టే. ఆ రంది కూడా ఆరిపోయిన చోట ఒంటరితనం మొదలవుతుంది.

పెద్దలు పొరబడేదీ ఇక్కడే. పిల్లవాడు నెల తిరిగేసరికి ఏడుపు మానితే ‘అలవాటు పడ్డడు’ అని నిమ్మళిస్తారు. బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ 1950ల్లో ఈ ‘అలవాటు’నే పట్టి చూశారు. తల్లిదండ్రులను వదిలి ఆసుపత్రిలో ఉండవలసి వచ్చిన పసిపిల్లల్లో వారికి మూడు దశలు కనిపించాయి. మొదట పిల్ల ఏడ్చి గోల చేస్తుంది. తర్వాత నీరసించి మూల కూర్చుంటుంది. చివరికి అందరితో నవ్వుతూ తిరుగుతుంది గాని, తల్లి వచ్చినా దగ్గరికి పోదు. ఆసుపత్రివాళ్లు మూడో దశను కుదుటపడడం అనుకునేవారు. అది తెగిపోవడమని ఆ ఇద్దరూ చెప్పారు. రెండేళ్ల పసివాడూ పదిహేనేళ్ల కుర్రవాడూ ఒకటి కాదు. కుర్రవాడు కారణం తెలుసుకోగలడు, సెలవులకు రోజులు లెక్కపెట్టుకోగలడు. అయినా అణిగిపోయిన ఏడుపును నిబ్బరమనుకునే పొరపాటు ఏ వయసువాడి విషయంలోనైనా జరిగేదే.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ ఎడబాటు ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది: అడవి వైపు ఆశ్రమ పాఠశాల, మైదానం వైపు గల్ఫ్. మొదటి దారిలో పిల్లవాడు ఇల్లు వదులుతాడు, రెండో దారిలో తండ్రి వదులుతాడు.

ఉట్నూరు ఏజెన్సీ గూడేల నుంచి ఆశ్రమ పాఠశాలకు వచ్చే గోండు, కొలాం పిల్లలకు ఇంటితో పాటు ఇంటి భాషా దూరమవుతుంది. గోండి తెలుగుకు దగ్గరి చుట్టమే. గోండిలో నీళ్లను ‘ఏర్’ అంటే తెలుగువారికి ఏరు గుర్తుకు వస్తుంది. కానీ దప్పికైన ఆరేళ్ల పిల్లకు ఆ చుట్టరికం అక్కరకు రాదు. రెండు మూడు సార్లు ఎవరికీ అర్థం కాకపోతే అడగడమే మానేస్తుంది. అల్లరి చేయని పిల్ల అని పేరు వస్తుంది. పాఠం అప్పజెప్పకపోతే మొద్దు అనీ వస్తుంది. రెండు పేర్లకూ కారణం ఒకటే: ఆమె మాట అందుకునే మనిషి అక్కడ లేడు.

ఈ సంగతి ఎనభై ఏళ్ల కిందటే ఒకచోట గ్రహించారు. 1940లో జోడేఘాట్‌లో తిరగబడ్డ గోండు నాయకుడు కుమురం భీం నేలకొరిగాక, గోండుల స్థితిగతులు తెలుసుకొనే పనిని నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో కాపురం పెట్టారు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. తల్లిభాషలో చదువు గురించి యునెస్కో తన ప్రసిద్ధ నివేదిక వెలువరించింది 1953లో. మార్లవాయి దానికి పదేళ్లు ముందుంది. పంతులు తన వాడే అయితే పిల్లవాడు బడిలో పరాయివాడు కాడు. ఆ యువకుల మాటా అంతే. అడవి దాటితే విలువ లేదనుకున్న భాషే వారికి జీతమూ గౌరవమూ తెచ్చింది. తర్వాత నార్నూర్ మండలం గుంజాలలో గోండి రాతప్రతులు వెలుగు చూశాయి. ఆ ప్రతుల్లోని లిపికి 2018లో యూనికోడ్‌లోనూ చోటు దొరికింది.

రెండో దారి 1970ల్లో చమురు ధరలు పెరిగాక తెరుచుకుంది. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఏ దేశం పోయినా ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. పిల్లలకు బాపు (నాన్న) అంటే ఒక గొంతు. ఆ గొంతు మొదట ఉత్తరంలో, తర్వాత క్యాసెట్‌లో, ఎస్టీడీ బూత్‌లో వినిపించింది. ఇప్పుడు వీడియో కాల్‌లో ముఖంతో సహా వస్తుంది. మార్కుల మెమో ఫోన్‌కు చూపించవచ్చు. బడి దారిలో కలిగిన భయాన్ని చూపించడం కష్టం. అది పక్కన నడిచేవాడికే తెలుస్తుంది. రెండేళ్లకు సెలవు మీద వచ్చిన తండ్రిని చూసి బిడ్డ నాయనమ్మ వెనుక దాక్కుంటుంది. చాక్లెట్లు అందుకుంటుంది గాని ఒడిలోకి రాదు.

అలాంటి ఇంటి కొడుకే ఇరవై ఏళ్లు నిండగానే పాస్‌పోర్టు తీసుకుంటాడు. గల్ఫ్‌లోని కార్మికుల క్యాంపులో అంతస్తుల మంచాల గది, వంతుల వంట. వీసా ఒకే యజమానికి ముడిపడి ఉంటుంది. అక్కడి నుంచి తప్పుకుంటే ‘కల్లివెల్లి’ (సరైన కాగితాలు లేనివాడు) అయిపోతాడు, ఆసుపత్రికి పోవాలన్నా జంకుతాడు. ఇంటి నుంచి ఫోన్ వస్తే ‘మంచిగున్న’ అంటాడు. చిన్నప్పుడు అతని గురించి పెద్దలు చెప్పిన ‘అలవాటు పడ్డడు’, ఇప్పుడు తనే చెప్పుకునే ‘మంచిగున్న’ ఒకే తీరు మాటలు.

దూరం అన్నిసార్లూ నష్టమే కాదు. హాస్టల్ పిల్లవాడు తన బట్టలు తాను ఉతుక్కుంటాడు, మూడు భాషలు నేర్చుకుంటాడు. వంగర నుంచి హనుమకొండకు, తర్వాత నాగపూర్‌కు చదువు కోసం వెళ్లిన పి.వి. నరసింహారావు బహుభాషావేత్త అయ్యారు. ముఖ్యమంత్రిగా 1971లో సర్వేల్‌లో గురుకుల పాఠశాలను తెరిపించారు. కౌమారంలో తానెవరో తేల్చుకున్నవాడే యౌవనంలో ఇంకొకరికి దగ్గర కాగలడని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లో రాశాడు. మార్లవాయి అనుభవం దానికి ఒక మాట చేర్చుతుంది: తానెవరో తేల్చుకోవడానికీ తనను గుర్తుపట్టే మనిషి కావాలి.

అలాంటి సాంగత్యాన్ని ఇక్కడ సోపతి అంటారు. దానికి ఈ నేల కొన్ని ఏర్పాట్లు చేసుకుంది. దీపావళి రోజుల్లో గోండుల దండారి నృత్య జట్టు పొరుగూరికి విడిది పోతుంది. గుస్సాడీ నర్తకుడు నెమలి ఈకల టోపీ పెట్టుకుంటాడు, ఇంకొకరు డప్పు పట్టుకుంటారు, ఆతిథ్యమిచ్చిన ఊరు అన్నం పెడుతుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో మెస్రం వంశం కొత్త కోడళ్లను తమ దేవుడు నాగోబాకు పరిచయం చేస్తుంది. దాన్ని భేటింగ్ అంటారు. పుట్టిల్లు వదిలిన పిల్లను దేవుడి ముందు, వంశం ముందు తమదని చెప్పుకోవడమది. అత్తింటికి పోయిన ఆడబిడ్డలను తొమ్మిది రోజుల బతుకమ్మ తిరిగి పిలుస్తుంది. పాట రాని పిల్ల కూడా నలుగురితో పల్లవి అందుకుంటుంది.

మూడింటికీ పోలిక ఉంది. ఏటా తప్పకుండా వస్తాయి, వచ్చినవారికి ఏదో ఒక పాత్ర ఇస్తాయి, బాధ విప్పి చెప్పమని ఎవరినీ అడగవు. తన భాష తెలిసిన వార్డెన్, ఆటల జట్టు, గదిలో వంట వంతు ఇల్లు వదిలినవారికి మేలు చేసేదీ ఇలాగే. రంది మాత్రం పూర్తిగా పోదు; పోవలసిన పనీ లేదు. సెలవులకు వచ్చిన పిల్లవాడు మొదటి రోజు ఎడముఖంగా తిరిగి, రెండో రోజు ముడుచుకొని కూర్చుని, మూడో రోజు అవ్వను పట్టుకొని ఏడిస్తే కంగారు పడనక్కరలేదు. పోయిన దారినే మెట్టు మెట్టుగా తిరిగి వస్తున్నాడు.