మంత్రం వేసే తాత, ఐరన్ మాత్ర



మా పాడేరు ఏజెన్సీలో ఒంట్లో బాగోకపోతే ముందు మంత్రం వేసే తాత దగ్గరికే వెళ్తాం. ఆయన తల నిమిరితే భయం పోద్ది, నిద్ర పడద్ది. అది కాదనను. కానీ పదిహేనేళ్ల మా చెల్లికి హిమోగ్లోబిన్ 8 ఉంది. 12 ఉండాలి. ఆ లోటు మంత్రంతో నిండదు.

ఏఎన్ఎమ్ అక్క సికిల్ సెల్ పరీక్ష చేయించి, లేదని తేలాక ఐరన్ మాత్రలిచ్చింది. మాత్రతో టీ తాగకూడదు, నిమ్మరసమో ఉసిరికాయో తీసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. మన చోడి అంబలి మంచిదే. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. అదే ఐరన్‌కి అడ్డొస్తుంది కాబట్టి అంబలి వేరే పూట తాగాలి.

ఇదంతా నేను చెప్తే అమ్మ వినలేదు. తాతతో చెప్పించాను. "మంత్రం వేశాను, మాత్ర మానకు" అన్నాడు. చెల్లి రోజూ వేసుకుంటోంది.

మీ ఊరి తాతలతోనూ మాట్లాడండి. వాళ్ల మాటకున్న బలం మన చదువుకి ఇంకా రాలేదు.