నాన్న చూడని శ్రీశైలం

శ్రీశైలం మాకు కొత్త కాదు. ఒకప్పుడు బస్సులో, 2018లో ఏడు సీట్ల బండి కొన్నాక బండిలో... ఏడాదికోసారైనా వెళ్తుంటాం. మన్ననూరు చెక్‌పోస్టు ఎప్పుడొస్తుందో, ఈగలపెంట దాటాక డ్యామ్ ఏ మలుపులో కనిపిస్తుందో మా పిల్లలు కళ్లు మూసుకుని చెప్పేస్తారు. కానీ మా ఇంట్లో ఒకరికి మాత్రం శ్రీశైలం అంటే పార్కింగు స్థలమే. ఆయన మా నాన్న.

‘మీరెళ్లి రండిరా, బండి దగ్గర నేనుంటా’ అనేవారు. ఓ పేపరూ, ఓ మంచినీళ్ల సీసా ఇస్తే చాలు. అలా ఆయన ఐదేళ్లు కాపలా కాశారు. దానికి కారణం పూర్తిగా నేనే.

అమ్మ, నాన్న, మేనత్త, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు... మొత్తం ఏడుగురం. అందరం ఒకే బండిలో పోవాలని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. కంపెనీ పేరెందుకులెండి. 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా వచ్చినప్పటి నుంచి మన ఇళ్లలో తిరుపతి అన్నా, అన్నవరం అన్నా ఇలాంటి బళ్లే గుర్తొస్తాయి కదా! మాకూ అదే మోజు. కాయితాల మీద సంతకాలయ్యాక నాన్న అమ్మినాయన్ని ఒక్కటే అడిగారు... ‘రెండో తాళం చెవి ఏదండీ?’ అని. నాన్న పోస్ట్‌మాస్టరుగా రిటైరయ్యారు, తాళాల దగ్గర ఆయన లెక్క వేరు. ‘ఎక్కడో ఉంటుంది, దొరికితే పంపిస్తా’ అన్నాడాయన. నేను నవ్వేసి బండి స్టార్ట్ చేశాను.

2019 సంక్రాంతి సెలవుల్లో ఓ ఊళ్లో గుడికి వెళ్లాం. బండి ఆపి, రిమోట్ నొక్కితే ఇండికేటర్లు రెండుసార్లు వెలిగాయి. లాక్ పడిందనుకున్నాం. గంటన్నర తరవాత వచ్చి చూస్తే అద్దం పగల్లేదు, గీత కూడా పడలేదు. వెనక ఉండాల్సిన నాన్న సంచి మాత్రం లేదు. అందులో ఆయన బీపీ మాత్రలు, కళ్లజోడు, పెన్షన్ పాస్‌బుక్కు, తాతయ్య ఆయనకు రాసిన పాత ఉత్తరాల కట్ట ఉన్నాయి. దారిలో మాకు చదివి వినిపిద్దామని తెచ్చుకున్నారట. మాత్రలు మళ్లీ కొనుక్కున్నాం, పాస్‌బుక్కు మళ్లీ ఇచ్చారు. ఉత్తరాలు మళ్లీ ఎవరు రాస్తారు?

ఫిర్యాదు రాసుకున్న ఆయన ‘తలుపు లాగి చూశారా?’ అని అడిగాడు. చూడలేదు. మెకానిక్ విప్పాక తెలిసింది, వెనక తలుపు లాక్‌ని తిప్పే చిన్న మోటారు ఎప్పుడో కాలిపోయిందట. మిగతా తలుపులకు లాక్ పడి ఇండికేటర్లు వెలిగేవి. వెనకది మాత్రం ఎవరు లాగినా వచ్చేది. బీమా సంగతి అడిగితే, బండికి తీసుకున్న పాలసీ లోపలి సామానుకు వర్తించదన్నారు. దానికి విడిగా కాస్త ప్రీమియం కట్టాలట.

మోటారు మార్పించాను. కానీ నాన్న మనసులో లాక్ ఇంకా పడలేదు. అప్పటి నుంచీ ఆయన బండి దిగడం మానేశారు. నేనూ బలవంతపెట్టలేదు. నిజం చెప్పొద్దూ, ఒకరు బండి దగ్గరుంటే నాకూ నిశ్చింతగానే ఉండేది.

హాజరు ఎవరు వేస్తారు?

2023లో వెళ్లినప్పుడు సాక్షి గణపతి దగ్గర ఆగాం. మనం శ్రీశైలం వచ్చినట్టు ఈ గణపతే సాక్ష్యం చెబుతాడని నమ్మకం. స్వామి చేతిలో పుస్తకం, కలం ఉంటాయి. మా చిన్నది దణ్నం పెట్టుకుని ‘మరి తాతయ్య హాజరు ఎవరేస్తారు?’ అంది. తాతయ్య ముప్ఫై అడుగుల దూరంలో, రోడ్డు పక్కన బండిలో కూర్చుని కోతుల్ని అదిలిస్తున్నారు. ఏడుగురం వెళ్లి ఆరుగురమే చూసొస్తున్నామని నాకప్పుడు తట్టింది.

ఇంటికి రాగానే బండి చుట్టూ దొంగలాగా తిరిగి చూశాను. ఇలాంటి బళ్లతో అసలు చిక్కేంటంటే, వాటికి డిక్కీ అంటూ విడిగా ఉండదు. పాత అంబాసిడర్ డిక్కీలో సామాను వేసి మూత దించితే లోపలేముందో ఎవరికీ తెలిసేది కాదు. ఇందులో మూడో వరుస సీట్లు నిలబెడితే వాటి వెనక జానెడు చోటే ఉంటుంది, దానికి చుట్టూ అద్దాలే. నల్ల ఫిల్ము వేయిద్దామంటే 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కుదరదు. చివరికి సీటు రంగులోనే ఓ మందపాటి గుడ్డ కుట్టించి సామాను మీద కప్పుతున్నాం. విలువైనవైతే అసలు బండిలో వదలం.

స్టెప్నీ సంగతి ఇంకా విచిత్రం. లోపల చోటు చాలక దాన్ని బండి కింద వేలాడదీశారు. టామీ రాడ్డు ఓ రంధ్రంలో పెట్టి తిప్పితే గొలుసుతో సహా కిందికి దిగుతుంది. నడిరోడ్డు మీద పంక్చరైతే మనకెంత సులువో, రాత్రిపూట వీధిలో దొంగకూ అంతే సులువు! విడిభాగాల కొట్లో గొలుసూ తాళమూ కొని బిగించాం.

ఇక రెండో తాళం చెవి. ఐదేళ్లుగా అది ఎవరి జేబులో ఉందో! బండే పోతే క్లెయిముకు బీమా కంపెనీలు సాధారణంగా రెండు తాళం చెవులూ చూపించమంటాయని అప్పుడే తెలిసింది. సర్వీసు సెంటర్‌లో పాత తాళం చెవుల గుర్తింపు చెరిపించి కొత్తవి రెండు నమోదు చేయించాను. దాంతో పాతదానితో ఇంజిన్ స్టార్టవదు. అయినా తలుపులు తెరుచుకుంటాయి కదా, అందుకని లాక్ సెట్టు కూడా మార్చక తప్పలేదు. ఖర్చు చూసి మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు. కొత్త తాళం చెవుల్లో ఒకటి నాన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని జంధ్యానికి కట్టుకుంటారేమో అనుకున్నా, బీరువాలో పెట్టారు.

మనుషుల్ని సరిచేయడమే కష్టమైంది. ఏడుగురు దిగాక ఒకరికి చెప్పులు గుర్తొస్తాయి, ఒకరికి టోపీ. లాక్ వేసిన బండి మళ్లీ మళ్లీ తెరుచుకుంటుంది. అందుకని ఇప్పుడు చివరగా దిగేది పెద్దవాడు. అన్ని తలుపులూ చేత్తో లాగి చూసి ‘ఓకే’ అంటేనే కదులుతాం. పాతాళగంగలో మునిగేటప్పుడు రిమోట్ తడవకుండా గట్టున ఒకరు పట్టుకుంటారు. వాళ్ల స్నానం రెండో విడతలో.

ఆ మెట్లు

2024 డిసెంబరులో మళ్లీ బయల్దేరాం. ఉదయం ఐదింటికి హైదరాబాద్ వదిలి కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా మన్ననూరు చేరాం. అక్కడి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. దాటితే అమ్రాబాద్ పులుల అడవి. చలికి అద్దాల మీద పొగ పట్టింది. డ్యామ్ కనిపించే చోట అలవాటుగా ఆపాను. గేట్లన్నీ మూసి ఉన్నాయి. పిల్లలు పన్నెండూ లెక్కపెట్టారు. నాన్న దిగలేదు. సాయంత్రం మల్లన్న దర్శనానికి మాత్రం వచ్చారు, బండి వసతి గృహం ఆవరణలో ఉంది కాబట్టి.

మర్నాడు దోర్నాల దారి పట్టాం. సాక్షి గణపతి దగ్గర చిన్నది వెళ్లి ఆయన తలుపు తీసి ‘తాతయ్యా, హాజరు’ అంది. నాన్న పెద్దవాడి వంక చూశారు. వాడు ఒక్కో తలుపూ లాగి చూపించాడు. వెనక తలుపును నాన్న స్వయంగా రెండుసార్లు లాగారు. తరవాత చెప్పులు విడిచి లోపలికి నడిచారు. ఫాలధార పంచధార మెట్లు మాత్రం మోకాళ్ల వల్ల దిగలేకపోయారు. పైనే నిలబడి నీళ్ల చప్పుడు విన్నారు.

శిఖరం దగ్గర మాత్రం ఎక్కుతానన్నారు. పది మెట్లకోసారి ఆగుతూ, అత్తయ్య భుజం పట్టుకుని ఎక్కారు. పైన నందిని తిప్పి, కొమ్ముల మధ్య నుంచి దూరంగా గుడి శిఖరం చూస్తే మరుజన్మ ఉండదంటారు. నాన్న వంగి చాలాసేపు చూశారు. తరవాత పక్కకొచ్చి, మెట్ల మీద నుంచి కింద రోడ్డు వైపు కూడా చూశారు.

‘కనిపించిందా తాతయ్యా?’ అంది చిన్నది.

‘ఆఁ, రెండూ కనిపించాయి’ అన్నారు.