వ్యాయామమును వర్తకమును

మన పాఠశాల పత్రికకు వర్తకమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుమని సంపాదకులు కోరినారు. వర్తకశాస్త్రమును నేను చదివినవాడను కాను. వేరుసెనగపప్పును, నువ్వులను గానుగాడించి నూనె యమ్ముట నా వృత్తి. తెల్లవారుజామున దండీలు, బస్కీలు తీయుట నా యలవాటు. అలవాటు నాకు పదునాలుగవ యేట ఈ పాఠశాల యాటస్థలముననే పట్టుబడినది. వృత్తి యంతకు రెండింతల వయస్సున వచ్చినది. కావున వర్తకమున నేనెఱిగినదానిలో సగము నాకు ముందుగా తెలిసినది ఆ యిసుకలోనే యని చెప్పినచో బాలురు నవ్వకుందురు గాక.

దేహబలము వర్తకముగా మారిన కథ మన తెలుగుదేశముననే యొకటి కలదు. వీరఘట్టమున జన్మించి విజయనగరమున వ్యాయామము నభ్యసించిన కోడి రామమూర్తి నాయుడుగారి పేరు పెద్దలు వినియేయుందురు. ఉక్కుగొలుసులను త్రెంచుటయు, ఱొమ్ముపై నేనుగును నిలుపుకొనుటయు ఆ దినములలో జనులు బండ్లు కట్టుకొని వచ్చి చూచిన వింతలు. చూచినవారు కండలను మెచ్చుకొనిరి. ఆయన నమ్ముకొన్నది మాత్రము ప్రాణాయామమును. అయితే వర్తకుడనైన నాకు ఆయన చరిత్రలో మిక్కిలి యాశ్చర్యముగా తోచునది గొలుసు కాదు, సర్కసు కంపెనీ. ఏనుగు ఱొమ్ముపై నిలుచునది కొన్ని క్షణములే. ఆ యేనుగునకు మేత ప్రతిదినమును కావలెను. ఆట లేని దినమునను, వాన కురిసి డేరా తడిసిన దినమునను మేత తప్పదు. పనివాండ్ర కూలి తప్పదు. ఈ లెక్క సర్కసు చూచువానికి తోచదు. నడపువానికి నిద్రలో సైతము తోచును. కడపటి కాలమున ఆయనకు ఒక కాలు తీసివేయవలసి వచ్చినది, 1942లో పరమపదించినారు. ఒక్క మనుష్యుని దేహముపై నిలిచిన కంపెనీ ఆ దేహముతోపాటు బడలక తప్పదని ఆయన చరిత్ర చదివినప్పుడెల్ల నాకు తోచుచుండును.

మాకు డ్రిల్లు నేర్పిన మాష్టారు మద్రాసు వై.ఎమ్.సి.ఎ. వ్యాయామ కళాశాలలో శిక్షణ పొందినవారు. 1920లో హారీ క్రో బక్ అను అమెరికా దేశస్థుడు స్థాపించిన కళాశాల యది. మాష్టారివద్ద అట్టలు నలిగిన యొక నోటుపుస్తక ముండెడిది. అందు ప్రతి బాలుని పేరునకు ఎదురుగా వారమునకొక యంకె. "నేడెన్ని తీసితివి?" అని వారెన్నడును అడుగలేదు, "పోయిన సోమవారమెన్ని?" అనియే యడిగెడివారు. వారమునకు రెండు దండీలకు మించి హెచ్చింప నిచ్చెడివారు కారు. బలము పొంగుచున్న వయస్సున మాకిది పిసినారితనముగా కనబడెడిది. ఒక నెల కసరత్తు చేయగనే చేతులు బిగిసి, యిక పర్వతములనైన ఎత్తగలమని తోచును గదా!

మాష్టారి నియమమునకు గల కారణము నాకు చాల కాలము తరువాత ఒక వైద్యునివలన తెలిసినది. కండకు రక్తప్రసారము మెండు. అందుచేత అది త్వరగా బలియును. కండను ఎముకతో బంధించు త్రాడువంటి స్నాయువునకు రక్తము చాల తక్కువగా చేరును; అది నెలలమీద గాని గట్టిపడదు. కండ సిద్ధమైనదని త్రాడు సిద్ధము కాని దినమున బరువు మోపినచో తెగునది కండ కాదు. భుజములు నొప్పి యని వ్యాయామశాలను విడిచిపెట్టినవారిలో ననేకుల కథ యిదియే.

2018వ సంవత్సరమున ఈ సంగతి నాకు పనికివచ్చినది. అప్పుడు మాకు రెండు గానుగలుండెను. పట్టణములోని యొక పెద్ద వర్తకుడు మా నూనె రుచి చూచి, నెలనెలకు మేము తీయుదానికి నాలుగింతలు తనకు పంపుమనెను. వెల మంచిదే, రొక్కము మాత్రము అరువది దినములకు. ఇంటిల్లపాదియు సంతోషించిరి. ఆ రాత్రి కాగితము ముందు పెట్టుకొని కూర్చుంటిని. నూఱు కిలోల పప్పు ఆడించిన మా గానుగలో సుమారు 40 కిలోల నూనె దిగును. మిగిలినది చెక్క, పశువుల దాణాకు పోవును. నాలుగింతల నూనెకు నాలుగింతల పప్పు కావలెను. రైతునకు పైకము కోతనాడే యియ్యవలెను. వర్తకునివద్దనుండి వచ్చునది రెండు నెలల పిమ్మట. ఆ పప్పు నారబెట్టుటకు కళ్లము చాలదు. చెమ్మతో కొట్టులో వేసిన పప్పునకు బూజు పట్టును. బూజు పట్టిన పప్పు నూనెకు రుచినే కాదు, విషమునే తెచ్చును. మడ్డి దిగువఱకు నూనె తేర్చుటకు పీపాలు కావలెను. అన్నిటికంటె మించి, రోలు తిరుగు చప్పుడు విని పప్పు నలిగినదో లేదో చెప్పగల పనివాడు కావలెను. అట్టివాడు మాకొక్కడే యుండెను. ఆ చెవి యొక యేడాదికి గాని వచ్చునది కాదు.

గిరాకి కండవంటిది, ఈ కళ్లము, పీపాలు, చేతిలోని రొక్కము, పనివాని చెవి స్నాయువువంటివి. ఒక గానుగ నధికముగా పెట్టి, అది దించినంత నూనెను పంపుదునని వర్తకునకు జాబు వ్రాసితిని. ఆయన కది చాలలేదు. వేఱొక చోటికి పోయెను. మా తమ్ముడు నెల దినములు నాతో సరిగా మాటలాడలేదు. "అన్నయ్యా, నీవు దండీలు లెక్కపెట్టినట్లు బ్రతుకును కూడ లెక్కపెట్టుదువా?" అని యొకనాడు భోజనమువద్ద అడిగెను. ఆ మాట నేటికిని నేను పూర్తిగా త్రోసిపుచ్చజాలను. తెగించి పైకి వచ్చినవారు లోకమున లేకపోలేదు. మేమును ఆనాడు ఒప్పుకొనియుండినచో ఏమై యుండెడిదో చెప్పగలవాడెవ్వడు?

విశ్రాంతిని గూర్చి రెండు మాటలు చాలును. కండ బలియునది బరువెత్తునప్పుడు కాదు, ఎత్తి పండుకొన్న పిమ్మట. గానుగయు నట్టిదే; తెఱపి లేక త్రిప్పిన వేడెక్కును, వేడెక్కిన నూనె వాసన మాఱును. ఆదివారము మా గానుగ తిరుగదు. ఇది నాకు దైవభక్తివలన వచ్చినదో, డ్రిల్లువలన వచ్చినదో మా యమ్మగారు నిర్ణయింపలేకపోయిరి.

ఊపిరి సంగతి వేఱు. నీట మునిగినపిదప ఊపిరి బిగబట్టుట నేర్చుకొందమన్న కుదరదు, ఒడ్డుననున్నప్పుడే నేర్వవలెను. గానుగ పెట్టిన మొదటి యేటినుండియు లాభములో ఆఱవ వంతును వేఱొక ఖాతాలో వేయుచుంటిమి. ఆ పైకముతో క్రొత్త మోటారు కొనవచ్చునని చెప్పినవారు పలువురు. 2020 మార్చి మాసమున కరోనా వ్యాధివలన దేశమంతయు తలుపులు మూసికొనినప్పుడు, నూనె తినుబండారమే గనుక గానుగ నాపవలెనన్న యాజ్ఞ లేకపోయినను, బస్తాలు తెచ్చు లారీలు నిలిచిపోయెను, అంగళ్లు ప్రొద్దెక్కకమునుపే మూతపడెను. మావద్ద ఆఱుగురు పనివాండ్రు. రెండు నెలలు గానుగలు దాదాపు ఊరకయే యుండెను. కూలి మాత్రము ఏ శనివారమును తప్పలేదు. ఆ పైకమును లెక్కపెట్టి పంచినవాడు మా తమ్ముడే. పాత మాట మేమిద్దఱమును ఎత్తలేదు.

వ్యాయామమున పేరు పొందినవాడు వర్తకమున నెల్లప్పుడును గెలుచుననుకొనరాదు. యూజెన్ శాండో యను జర్మను బలశాలి 1897లో లండనున వ్యాయామశాల స్థాపించెను. డంబెల్సు నమ్మెను, పత్రిక నడపెను, మన దేశమునకును వచ్చి ప్రదర్శనము లిచ్చెను. 1901లో రాయల్ ఆల్బర్ట్ హాలున ఆయన జరపించిన దేహసౌష్ఠవపు పోటీకి షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన కానన్ డాయిల్ న్యాయనిర్ణేతలలో నొకడు. ఇంతవఱకు ఆయన అమ్మినది తానెఱిగిన సరకునే. పిమ్మట తన పేరుతో కోకో పొడి యమ్మ మొదలిడెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆ కంపెనీ కూలిపోయెను. చేయి బలిసినదని కాలు బలియదు గదా. మా నూనె బాగున్నదన్నవారు సబ్బులు కూడ చేయుమని నన్ను తొందరపెట్టుచుందురు. అప్పుడు నాకు శాండోగారి కోకో జ్ఞప్తికి వచ్చును.

ఇంతవఱకు పోలిక బాగుగనే నడచినది. ఒకచోట అది నిలువదు. ఆ చోటు చిన్నది కాదు. నా దండీల నొప్పి నాది. వర్తకమున నట్లు కాదు: నేను హెచ్చించు ప్రతి బరువును మోయునది మఱియొకని వీపు. ఎంత మోసిన నాకు మేలో మాష్టారు నేర్పిరి. ఇతరునిచే ఎంత మోయింపవచ్చునో వారి నోటుపుస్తకమున లేదు. పౌలు భక్తుడు కొరింథీయులకు వ్రాసిన పత్రికలో పందెమున పరుగెత్తువానిని గూర్చి చెప్పినప్పుడును, తన దేహమును తాను లోబఱచుకొనుటనే చెప్పెను గాని, యింకొకని దేహమును గాదు.

మాకు బజారునుండి వచ్చు పప్పు బస్తా 80 కిలోలు. వర్తకులలో నది పూర్వాచారము. దానిని వీపున వేసికొని మెట్లెక్కువాడు మా ప్రక్క యూరి మనుష్యుడు, నా యీడువాడు. 2022లో ఒకనాడు అతడు బస్తా దింపి, "అయ్యా, తమరు ప్రొద్దున ఎత్తు సంగడ మెంత?" అని నవ్వుచు నడిగెను. ఇరువది కిలోలంటిని. అతడు మఱేమియు ననలేదు. రెండవ బస్తాకై పోయెను.

ఇప్పుడు మా బస్తా 40 కిలోలు. గోనెల ఖర్చు పెరిగినది, కుట్టుకూలి పెరిగినది, ఒక లారీ దింపుటకు అరగంట యెక్కువ పట్టుచున్నది. ఆ యరగంటను ఎవరి లెక్కలో వ్రాయవలెనో మా తమ్ముడును నేనును ఇంకను తేల్చుకొనలేదు.